ఖ్వాజా అహ్మద్ అబ్బాస్: కథతో పాటు షరతు కూడా పట్టుకెళ్లిన రచయిత

ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ పేరు గుర్తులేని వాళ్లు కూడా ఆయన కథలు చూసే ఉంటారు. ‘ఆవారా’, ‘శ్రీ 420’, ‘బాబీ’ ఆయన కలం నుంచి వచ్చినవే. చేతిలో ఒక కథ, మనసులో ఒక ఆశ పెట్టుకుని నిర్మాత ఆఫీసు మెట్లెక్కే కుర్రాళ్లు ఇప్పుడు ముంబైలోనూ ఉన్నారు, హైదరాబాద్ కృష్ణానగర్‌లోనూ ఉన్నారు. ఆ మెట్లు ఎక్కే ముందు ఎలా తయారవ్వాలో అబ్బాస్ సాహెబ్ జీవితం చెబుతుంది.

1914 జూన్ 7న పానిపట్‌లో ఆయన పుట్టారు. పెద్ద ఇల్మీ ఖాందాన్ అది. ‘ముసద్దస్’ రాసిన మౌలానా అల్తాఫ్ హుసేన్ హాలీ ఆయనకు ముత్తాత. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో 1933లో బీఏ, 1935లో ఎల్ఎల్‌బీ పూర్తి చేశారు. లా చదివారు గానీ మనసంతా పత్రికల మీదే. చదువుకునే రోజుల్లోనే ‘అలీగఢ్ ఒపీనియన్’ అనే విద్యార్థి పత్రిక నడిపారు. చదువు కాగానే నల్లకోటు వేసుకోకుండా బొంబాయి వెళ్లి ‘బాంబే క్రానికల్’లో చేరారు. తర్వాత అక్కడే సినిమా రివ్యూలు రాశారు.

1936లో బాంబే టాకీస్‌లో పార్ట్‌టైమ్ పబ్లిసిటీ పని దొరికింది. హిమాంశు రాయ్, దేవికా రాణి నడిపే ఆ స్టూడియో అప్పట్లో దేశంలోనే పేరున్నది. ఒకపక్క రివ్యూలు రాస్తూ ఏ సినిమా ఎక్కడ తడబడిందో చూశారు. ఇంకోపక్క స్టూడియో లోపల సినిమా ఎలా తయారవుతుందో, జనం దగ్గరికి ఎలా వెళ్తుందో చూశారు. 1938లో ప్రపంచ యాత్ర కూడా చేసి వచ్చారు. స్టూడియోల్లో కథలు రాసేవాళ్లని మున్షీలని పిలిచే కాలమది. చెప్పింది రాసిపెట్టడమే వాళ్ల పని అనుకునేవారు.

అలాంటి కాలంలో ఆయన తన మొదటి స్క్రీన్‌ప్లే ‘నయా సంసార్’ని బాంబే టాకీస్‌కే అమ్మారు. 1941లో అశోక్ కుమార్, రేణుకా దేవితో ఆ సినిమా వచ్చింది. దాని కథ పత్రికాఫీసులో నడుస్తుంది. నిజం రాయాలనే విలేకరి, రాజీపడే ఎడిటర్ అందులో ఉంటారు. ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. మొదటి కథకి ఆయన రాజుల్నీ, పురాణాల్నీ వెతుక్కోలేదు. తాను రోజూ చూసే న్యూస్‌రూమ్‌నే తీసుకున్నారు. తీసుకెళ్లింది కూడా ముక్కూమొహం తెలియని చోటికి కాదు, ఐదేళ్లుగా పద్ధతి తెలిసిన స్టూడియోకి.

1946 ఆయనకి పెద్ద సంవత్సరం. ‘నీచా నగర్’ రచనలో ఆయనకి భాగం ఉంది. ఆ సినిమా కాన్ ఫెస్టివల్‌లో గ్రాండ్ ప్రీ గెలిచింది. బెంగాల్ కరువు మీద ‘ధర్తీ కే లాల్’ డైరెక్ట్ చేశారు. ‘డాక్టర్ కోట్నిస్ కీ అమర్ కహానీ’కి ఆయన పుస్తకమే ఆధారం.

అసలు పరీక్ష ‘ఆవారా’తో వచ్చింది. మంచి ఇంట్లో పుట్టినవాడు మంచివాడు, దొంగ కొడుకు దొంగే అని నమ్మే జడ్జి కథ అది. ఆ జడ్జి కొడుకే బస్తీలో పెరిగి దొంగ అవుతాడు. మనిషిని చేసేది రక్తమా, పెంపకమా అన్నదే ప్రశ్న. అబ్బాస్ ఈ కథని ముందు మెహబూబ్ ఖాన్ దగ్గరికి తీసుకెళ్లారు. ‘అందాజ్’ తీసి మంచి ఊపులో ఉన్న దర్శక నిర్మాత ఆయన. కానీ అబ్బాస్‌కి ఒక షరతు ఉంది. తెరమీద తండ్రీకొడుకులుగా నిజమైన తండ్రీకొడుకులు పృథ్వీరాజ్ కపూర్, రాజ్ కపూర్ ఉండాలి. మెహబూబ్ ఖాన్ మనసులో కొడుకు పాత్రకి దిలీప్ కుమార్ ఉన్నారు. మాట కుదరలేదు. అబ్బాస్ కథని వెనక్కి తీసుకున్నారు.

అంత పెద్ద నిర్మాత దగ్గర నుంచి లేచి రావడం మామూలు విషయం కాదు. అక్కడే ఆయన తయారీ పనికొచ్చింది. కథలో ఏది మార్చినా ఫర్వాలేదో, ఏది మారిస్తే కథే పోతుందో ఆయనకి ముందే తెలుసు. పైగా పత్రిక పని ఉంది కాబట్టి ఇంటిఖర్చు ఆ ఒక్క కథ మీద ఆధారపడలేదు. బ్యాలెన్స్ షీట్ భాషలో చెప్పాలంటే, ఆ జీతమే ఆయన అసలు క్యాపిటల్.

తర్వాత కథ రాజ్ కపూర్ చేతికి వెళ్లింది. అబ్బాస్, వి.పి.సాఠే కలిసి రాశారు. 1951లో వచ్చిన ‘ఆవారా’లో పృథ్వీరాజ్ జడ్జి, రాజ్ కపూర్ కొడుకు, చిన్నప్పటి రాజ్‌గా శశి కపూర్. ఇక్కడా హిట్టే. సోవియట్ యూనియన్‌లో 1954లో విడుదలైతే 6 కోట్లకు పైగా టికెట్లు తెగాయి.

బయటివాళ్లకి రాసి సంపాదించింది ఆయన తన సొంత సినిమాల్లో పెట్టేవారు. 1951లో నయా సంసార్ పేరుతోనే సంస్థ పెట్టారు. పాటలు లేకుండా ‘మున్నా’ తీశారు. ఎక్కువ సినిమాలకి డబ్బు రాలేదు. అయినా 1963 నాటి ‘షెహర్ ఔర్ సప్నా’కి జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు దక్కింది.

1969లో ‘సాత్ హిందుస్తానీ’ సమయానికి టేబుల్‌కి అవతలివైపు ఆయనే ఉన్నారు. అవకాశం కోసం వచ్చిన సన్నటి పొడుగాటి కుర్రాడు కవి హరివంశరాయ్ బచ్చన్ కొడుకని తెలియగానే, తండ్రికి తెలియకుండా సంతకం చేయించనన్నారు. ఆయన ఇజాజత్ వచ్చాకే 5,000 రూపాయలకి తీసుకున్నారు. అలా అమితాబ్ బచ్చన్‌కి దొరికిన మొదటి పాత్ర, అన్వర్ అలీ అనే ఉర్దూ కవి.

అబ్బాస్ సాహెబ్ 1987 జూన్ 1న ముంబైలో ఇంతెఖాల్ అయ్యారు. 70కి పైగా పుస్తకాలు, దశాబ్దాల పాటు ఆగకుండా నడిచిన ‘లాస్ట్ పేజ్’ కాలమ్ మిగిల్చి వెళ్లారు.

రేపు నిర్మాతని కలవబోయే పిల్లలు సంచిలో కథ ఒక్కటే సర్దుకుంటే చాలదు. ఎవరి దగ్గరికి వెళ్తున్నారో, వాళ్లు ఏం తీశారో తెలిసి ఉండాలి. ఏది వదులుకోకూడదో ముందే నిర్ణయించుకోవాలి. లేచి రావాల్సి వస్తే ఇల్లు గడిచే దారి కూడా ఒకటి చూసుకోవాలి. రిజ్క్ ఇచ్చేది అల్లాహ్, తయారై వెళ్లాల్సింది మాత్రం మనిషే.