కుక్కర్ మీద బరువు పెట్టిన డాక్టరు

కోర్ ఇంజినీరింగ్ ఇంటర్వ్యూకి వెళ్తున్నారా? అయితే ఇలాంటి ప్రశ్న ఒకటి మీకు మీరే వేసుకుని చూడండి. ఒక సెయిల్‌బోట్‌లో చిన్న వాటర్ హీటర్ ఉంది. దాని రిలీఫ్ వాల్వ్ నుంచి నీళ్లు కారి పడవ అడుగున చేరుతున్నాయి. మీరేం చేస్తారు?

వాల్వ్ పాడైంది, కొత్తది వేస్తాను అన్నది నోటికి మొదట వచ్చే జవాబు. అది పూర్తిగా తప్పని కాదు గానీ తొందరపాటు. ఆ వాల్వ్ అక్కడ ఎందుకుందో తెలిస్తే జవాబు మారిపోతుంది. అది తెలియాలంటే మూడొందల ఏళ్ల కిందటి డెనిస్ పాపిన్ దగ్గరికి వెళ్లాలి. ఆయన మెకానికల్ ఇంజినీర్ కాదు. అసలు అప్పటికి ఆ బ్రాంచే లేదు. ఆయన చదివింది వైద్యం.

డిగ్రీ ఒకటి, పని ఇంకొకటి

పాపిన్ 1647లో ఫ్రాన్స్‌లోని బ్లువా పట్టణం దగ్గర ఓ పల్లెటూళ్లో పుట్టారు. ఆంజేలో మెడిసిన్ చదివి 1669లో పట్టా తీసుకున్నారు. కానీ మనసంతా యంత్రాల మీదే. పారిస్ వెళ్లి, అప్పటికే పేరుమోసిన శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ దగ్గర అసిస్టెంట్‌గా చేరారు. సిలిండర్‌లో తుపాకీ మందు పేల్చి పిస్టన్‌ని కదిలించే ప్రయోగాలు చేశారు. లైబ్నిజ్‌తో పరిచయమైంది కూడా అక్కడే.

1675లో లండన్ చేరి రాబర్ట్ బాయిల్ దగ్గర పనిచేశారు. మీరు ఇంటర్‌లో చదివిన బాయిల్ నియమం ఈయనదే. గాలి పంపులు చేయడం, వాటితో ప్రయోగాలు నడపడం పాపిన్ పని. పీడనం అనేది ఆయనకి పుస్తకంలో పాఠం కాదు, రోజూ చేత్తో పట్టుకుని చూసిన వస్తువు.

బరువు జరిపితే చాలు

1679లో ఆయన తన డైజెస్టర్‌ని రాయల్ సొసైటీ ముందు పెట్టారు. మందపాటి లోహపు పాత్ర, దానిమీద మరలతో బిగించిన మూత. లోపల నీళ్లు, ఎముకలు. మూత బిగిస్తే ఆవిరి బయటికి పోదు, పీడనం పెరుగుతుంది. పీడనం పెరిగితే నీళ్లు వంద డిగ్రీలు దాటాకే మరుగుతాయి. దాంతో గట్టి ఎముకలు కూడా మెత్తబడిపోతాయి. తక్కువ బొగ్గుతో, పారేసే ఎముకల నుంచి తిండి తీయొచ్చన్నది ఆయన ఆలోచన. 1682లో రాయల్ సొసైటీ సభ్యులకి అందులోనే వండి విందు కూడా పెట్టారు.

ఇక్కడే అసలు సమస్య. పీడనం ఎంతవరకు పెరగాలి? హద్దు లేకపోతే వంటపాత్ర కాస్తా బాంబు అవుతుంది. పాపిన్ మూతకి చిన్న రంధ్రం పెట్టి, దాన్ని ఒక వాల్వ్‌తో మూశారు. వాల్వ్‌ని ఒక కడ్డీ నొక్కి పట్టుకుంటుంది. కడ్డీకి ఒక చివర కీలు, రెండో వైపు వేలాడే బరువు. బరువుని కీలుకి దూరంగా జరిపితే వాల్వ్ మీద ఒత్తిడి ఎక్కువ, దగ్గరికి తెస్తే తక్కువ. లోపలి ఆవిరి ఆ ఒత్తిడిని మించిన క్షణం వాల్వ్ దానంతటదే లేచి ఆవిరిని వదిలేస్తుంది, తగ్గగానే మూసుకుంటుంది. రంధ్రం సైజు, బరువు, దూరం తెలిస్తే లోపలి పీడనాన్ని లెక్క కూడా కట్టొచ్చు.

మీ ఇంట్లో కుక్కర్ మీద పెట్టే వెయిట్ చేసే పని ఇదే. గీజర్‌లో బరువు బదులు స్ప్రింగ్ ఉంటుంది, అంతే తేడా.

స్థిరపడని ఉద్యోగం

ఇంత చేసిన మనిషి కెరీర్ ఎలా ఉండాలి? కొంతకాలం వెనిస్‌లో పనిచేసి, 1684లో మళ్లీ లండన్ వచ్చారు. రాయల్ సొసైటీలో ప్రయోగాలు చూసుకునే తాత్కాలిక ఉద్యోగం, జీతం ఏడాదికి 30 పౌండ్లు. 1685లో ఫ్రాన్స్ రాజు ప్రొటెస్టెంట్ల మతస్వేచ్ఛని రద్దు చేశాడు. పాపిన్‌ది ప్రొటెస్టెంట్ కుటుంబం కాబట్టి సొంత దేశం తలుపు మూసుకుపోయింది. తర్వాత జర్మనీలోని మార్బుర్గ్‌లో మ్యాథ్స్ ప్రొఫెసర్ అయ్యారు.

అక్కడే 1690లో తన పెద్ద ఆలోచన ప్రచురించారు. సిలిండర్ అడుగున కాసిన్ని నీళ్లు, పైన పిస్టన్. వేడి చేస్తే ఆవిరి పిస్టన్‌ని లేపుతుంది. మంట తీసేస్తే ఆవిరి నీరై లోపల ఖాళీ ఏర్పడుతుంది, బయటి గాలి పిస్టన్‌ని కిందికి నొక్కుతుంది. మోడల్ పనిచేసింది. కానీ పెద్ద సిలిండర్లు కచ్చితంగా తయారుచేసే పరిజ్ఞానం అప్పటికి రాలేదు. 1712లో ఇదే సూత్రంతో పెద్ద ఇంజిన్ నడిపించి పేరు తెచ్చుకున్నది ఇంగ్లండ్‌కి చెందిన థామస్ న్యూకొమెన్.

1707లో పాపిన్ మళ్లీ లండన్‌కి బయల్దేరారు. చక్రాలతో నడిచే పడవ ఒకటి సొంతంగా కట్టించి కాసెల్ దగ్గర ఫుల్డా నదిలో దించారు. అది ఆవిరి పడవ అని చాలాచోట్ల కనిపిస్తుంది గానీ, చక్రాలు తిప్పింది మనుషులే. మ్యూండెన్ దగ్గర పడవవాళ్ల సంఘం అడ్డుకుంది. ఆ నీళ్ల మీద ప్రయాణించే హక్కు తమదేనంటూ పడవని ముక్కలు చేసేసింది. అప్పటికి ఆయనకి అరవై ఏళ్లు. లండన్‌లో పాత స్నేహితులు చాలామంది లేరు, కొత్త ప్రతిపాదనలకి డబ్బు పెట్టేవాళ్లూ దొరకలేదు. పేదరికంలోనే ఆయన కథ ముగిసింది.

ఇప్పుడు జవాబు చెప్పండి

ఆయన పడవ గమ్యం చేరలేదు. కానీ ఆయన వాల్వ్ వారసులు ఇవాళ ఎన్నో పడవల్లో ఉన్నాయి. సెయిల్‌బోట్‌లో హీటర్‌ని మామూలుగా ఇంజిన్ కూలింగ్ నీళ్లే వేడి చేస్తాయి. 20 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకి వేడెక్కితే దాదాపు అర లీటరు వ్యాకోచిస్తాయి. వెనక్కి పోదామంటే నాన్ రిటర్న్ వాల్వ్ అడ్డం. ఇక మిగిలిన దారి రిలీఫ్ వాల్వ్ ఒక్కటే. అంటే అది పాడవలేదు, డ్యూటీ చేస్తోంది.

కాబట్టి ముందు రెండు విషయాలు చూడండి. చుక్క ఎక్కడి నుంచి వస్తోంది? పొడిగుడ్డతో తుడిచి గమనించండి, జాయింట్ లీక్ కూడా కావచ్చు. ఎప్పుడు వస్తోంది? నీళ్లు వేడెక్కేటప్పుడే అయితే కారణం వ్యాకోచం. చిన్న ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ పెడితే సరిపోతుంది. చల్లగా ఉన్నప్పుడూ కారుతుంటే పంపు పీడనం వాల్వ్ రేటింగ్‌ని దాటుతోందేమో కొలవండి. దాటకపోతే వాల్వ్ సీటు మీద సున్నపు పొర, మురికి చేరి ఉండొచ్చు, లేదా స్ప్రింగ్ బలం తగ్గి ఉండొచ్చు. నీళ్లు చల్లారాక లివర్ ఎత్తి ఒకసారి కడిగి చూడండి. అప్పటికీ ఆగకపోతే అదే రేటింగ్ ఉన్న కొత్త వాల్వ్ వేయండి.

చేయకూడనిది ఒకటే, కారుతోందని దానికి బిరడా బిగించడం. 1831లో అమెరికాలోని సౌత్ కరోలినాలో బెస్ట్ ఫ్రెండ్ ఆఫ్ చార్లెస్టన్ అనే రైలింజిన్ బాయిలర్ పేలిపోయింది. ఆవిరి చప్పుడు విసుగనిపించి ఫైర్‌మన్ సేఫ్టీ వాల్వ్‌ని మూసేశాడని చెబుతారు. ఆ ప్రమాదంలో అతని ప్రాణమే పోయింది.

ఇంటర్వ్యూలో ఈ ప్రశ్నే రావాలని లేదు. ఏ మెషీన్ గురించి అడిగినా పార్ట్ మార్చేస్తాను అనేముందు ఆ పార్ట్ ఏ పని కోసం ఉంది, ఇప్పుడు ఆ పనే చేస్తోందా అని ఒక్క నిమిషం ఆలోచించి చెప్పండి. ప్రాక్టీస్ కావాలంటే హాస్టల్ గీజర్ ఉండనే ఉంది. దాని పైపు నుంచి చుక్క ఎప్పుడు పడుతోందో రేపు పొద్దున చూడండి.