వెలుగు గుట్టు విప్పిన బస్రా విజ్ఞాని ఇబ్నుల్ హైసమ్

దొరవారిసత్రం ప్రాంతానికి అక్టోబరు, నవంబరు నెలలు వానల కాలం. ఈశాన్య రుతుపవనాలు బంగాళాఖాతం మీది నుంచి జల్లులు మోసుకొస్తాయి. నేలపట్టు చెరువులోని చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకునేది కూడా ఈ కాలంలోనే. అస్ర్ నమాజు ముగించుకుని మస్జిదు బయటికి వచ్చేసరికి ఒక్కోసారి పడమట మబ్బు విడిపోయి ఎండ కాస్తుంది. తూర్పున పులికాట్ సరస్సు వైపు మాత్రం ఇంకా వాన పడుతూనే ఉంటుంది. ఆ వాన తెర మీద హరివిల్లు నిలుస్తుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారు దాన్నే ధనక్ అంటారు.

పిల్లలు ఊరుకోరు కదా. ఆ రంగులు ఎక్కడివి, సాయంత్రం హరివిల్లు తూర్పునే ఎందుకు వస్తుంది, దగ్గరికి వెళితే ఎందుకు అందదు అని అడుగుతారు. ఇలాంటి ప్రశ్నలకు ఊహతో కాక పరీక్షతో జవాబు వెతకాలని వెయ్యేళ్ల క్రితమే చూపిన మహనీయుడు ఇబ్నుల్ హైసమ్. ఆయన పూర్తి పేరు అబూ అలీ అల్ హసన్ ఇబ్నుల్ హసన్ ఇబ్నుల్ హైసమ్. ఐరోపా వారు అల్‌హాజెన్ అని పిలుచుకున్నది ఈయననే.

నైలు నది దగ్గర ఓటమి

క్రీ.శ. 965 ప్రాంతంలో, అంటే హిజ్రీ 354లో, ఇరాక్‌లోని బస్రా నగరంలో ఆయన జన్మించారు. గణితం, ఖగోళశాస్త్రం, గ్రీకుల గ్రంథాలు లోతుగా చదివారు. ఆయన పేరు ఈజిప్టు దాకా పాకింది. అప్పుడు కైరోలో ఫాతిమీ ఖలీఫా అల్ హాకిమ్ పాలన సాగుతోంది. విద్యను ఆదరించే పాలకుడే గాని, ఆయనకు ఎప్పుడు కోపం వస్తుందో ఎవరికీ తెలియదు.

తర్వాతి కాలపు చరిత్రకారుడు అల్ ఖిఫ్తీ రాసిన వివరం ఇది. నైలు నదికి ఒక ఏడు వరద ముంచెత్తేది, ఇంకో ఏడు నీరు చాలక పంట ఎండేది. తాను ఈజిప్టులో ఉండి ఉంటే ఆ నదికి ఏదో ఒక ఏర్పాటు చేసేవాడినని ఇబ్నుల్ హైసమ్ అన్నారట. ఆ మాట ఖలీఫా చెవిన పడింది. ఆయనను పిలిపించి, ఊరి బయటికి వచ్చి మరీ స్వాగతం పలికారు. పనివారిని వెంట ఇచ్చి దక్షిణానికి పంపారు.

నది వెంబడి వెళుతూ ఇబ్నుల్ హైసమ్ ప్రాచీన ఈజిప్టు వారి కట్టడాలను చూశారు. వాటి కొలతలు, పనితనం చూసి ఆలోచనలో పడ్డారు. ఇంతటి నేర్పు గల వారికి నదిని అదుపు చేయడం సాధ్యమై ఉంటే వాళ్లే చేసి ఉండేవారు కదా అనిపించింది. అస్వాన్ దగ్గరి జలపాతాలను స్వయంగా పరిశీలించాక తన పథకం కుదరదని తేలిపోయింది. ఏదో ఒకటి కట్టి, డబ్బు ఖర్చు చేయించి, కాలం గడపవచ్చు. ఆయన ఆ పని చేయలేదు. తిరిగి వచ్చి తన వల్ల కాదని ఒప్పుకున్నారు. అదే అస్వాన్ దగ్గర పెద్ద ఆనకట్ట పూర్తయింది 1970లో. అంటే ఆయన వెళ్లిన తర్వాత తొమ్మిది వందల ఏళ్లకు పైగా పట్టిందన్నమాట.

ఖలీఫా అప్పటికి ఏమీ అనలేదు. ఒక ఉద్యోగం కూడా ఇచ్చారు. కాని ఆ కొలువులో ప్రాణానికి భద్రత లేదని గ్రహించిన ఇబ్నుల్ హైసమ్ మతి చలించినట్లు నటించారు. ఆయన ఆస్తిని స్వాధీనం చేసుకుని, ఆయనను ఇంట్లోనే నిర్బంధించారు. 1021లో అల్ హాకిమ్ కాలం ముగిశాకే ఆ నటనకు తెరపడింది. ఆ తర్వాత ఆయన అల్ అజ్‌హర్ మస్జిదు దగ్గర నివాసం ఉన్నారు. యూక్లిడ్, టాలమీల గ్రంథాలకు నకళ్లు రాసి అమ్ముకుని, ఆ వచ్చిన నూటయాభై దీనార్లతో ఏడాదంతా గడిపేవారని చెబుతారు. 1040 ప్రాంతంలో కైరోలోనే కన్నుమూశారు.

చీకటి గదిలో దీపాలు

ఆయన పేరు నిలిపిన గ్రంథం కితాబుల్ మనాజిర్. ఏడు భాగాల ఈ గ్రంథం చూపు గురించి, వెలుగు గురించి. అంతకు ముందు యూక్లిడ్, టాలమీ వంటి వారు కంటి నుంచి కిరణాలు బయలుదేరి వస్తువును తాకడం వల్లే మనం చూస్తున్నామని నమ్మారు. ఇబ్నుల్ హైసమ్ దీన్ని కాదన్నారు. ఎండను తేరిపార చూస్తే కన్ను నొస్తుంది. బయటి నుంచి వచ్చేది ఏదో కంటిని తాకుతున్నట్టే కదా. వస్తువు మీద పడిన వెలుగు అన్ని వైపులకూ వెళ్లి, అందులో కొంత మన కంట్లోకి చేరితేనే చూపు కలుగుతుందని ఆయన తేల్చారు.

ఆ మాటను పరీక్షకు పెట్టారు. చీకటి గది గోడకు ఒక చిన్న రంధ్రం. గది బయట వేర్వేరు చోట్ల కొన్ని దీపాలు. గది లోపలి గోడ మీద ఎన్ని దీపాలో అన్ని వెలుగు మచ్చలు పడ్డాయి. ఒక దీపాన్ని మూస్తే దాని మచ్చ ఒక్కటే పోయింది, మిగిలినవి అలాగే ఉన్నాయి. వెలుగు తిన్నగా ప్రయాణిస్తుందని, ఒకే రంధ్రంలో కలిసినా కిరణాలు ఒకదానితో ఒకటి కలగాపులగం కావని దీనితో రుజువైంది. నేటి కెమెరాకు మూల సూత్రం ఇదే. సూర్యగ్రహణం నాడు చెట్టు నీడలో నేల మీద చిన్న చిన్న నెలవంకలు పడడం చాలామంది చూసే ఉంటారు. ఆకుల సందులే అక్కడ రంధ్రాలు. గ్రహణపు ఆకారం గురించి కూడా ఆయన ఒక పుస్తకం రాశారు.

పులికాట్ మీద పున్నమి చంద్రుడు ఉదయించేటప్పుడు ఎంత పెద్దగా కనిపిస్తాడో ఆ తీరం వారికి చెప్పనక్కర లేదు. అది చంద్రుడిలో వచ్చిన మార్పు కాదని, దూరాన్ని అంచనా వేయడంలో మన మనసు పడే పొరపాటని ఆయన వివరించారు. చేయి చాచి చిటికెన వేలితో కప్పి చూడండి. ఉదయించేటప్పుడైనా, నడినెత్తికి వచ్చాకైనా చంద్రుడు ఆ వేలి చాటుకే వస్తాడు.

గురువు పొరబడిన చోట

మరి హరివిల్లు సంగతి? చంద్రుడి చుట్టూ కట్టే వరదగుడి గురించి, హరివిల్లు గురించి ఇబ్నుల్ హైసమ్ ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. కాని అక్కడ ఆయన లెక్క తప్పింది. మబ్బు మొత్తం ఒక పుటాకార దర్పణంలా సూర్యకాంతిని పరావర్తనం చేస్తుందని ఆయన భావించారు. ఆకాశంలోని మబ్బును చీకటి గదిలోకి తెచ్చి పరీక్షించడం ఎలా?

ఆ ఉపాయం దొరకడానికి సుమారు మూడు వందల ఏళ్లు పట్టింది. తబ్రీజ్‌లో కుత్బుద్దీన్ షీరాజీ అనే పండితుడి దగ్గర చదువుకున్న కమాలుద్దీన్ అల్ ఫారిసీ వెలుగు వంగడం గురించి గురువును సందేహాలు అడిగాడు. గురువు కితాబుల్ మనాజిర్ ప్రతిని తెప్పించి ఇచ్చారు. అల్ ఫారిసీ దానికి వ్యాఖ్యానం రాస్తూ కొత్త పని చేశాడు. మబ్బంతా ఎందుకు, ఒక్క చినుకు చాలదా అనుకున్నాడు. నీళ్లు నింపిన గాజు గోళాన్నే పెద్ద చినుకుగా భావించి, చీకటి గదిలో దాని మీద సన్నని ఎండ పడనిచ్చాడు. వెలుగు చినుకులోకి దూరేటప్పుడు ఒకసారి వంగుతుంది, లోపలి గోడకు తగిలి వెనుదిరుగుతుంది, బయటికి వచ్చేటప్పుడు మళ్లీ వంగుతుంది. హరివిల్లు గుట్టు అదే. లోపల రెండుసార్లు వెనుదిరిగితే, పైన మసకగా కనిపించే రెండో విల్లు వస్తుంది. అందులో రంగుల వరుస తలకిందులై ఉంటుంది. దాదాపు అదే కాలంలో జర్మనీలో థియోడొరిక్ అనే క్రైస్తవ సన్యాసి కూడా వేరుగా ఇదే నిర్ణయానికి వచ్చాడు. ఎండలోనే అన్ని రంగులూ ఉన్నాయని న్యూటన్ పట్టకంతో చూపింది ఆ తర్వాత, 17వ శతాబ్దంలో.

శిష్యపరంపరలోని ఒకడు గురువు తప్పును దిద్దాడు గదా, గురువు గౌరవం తగ్గిందా? లేదు. గురువు నేర్పింది అదే మరి. టాలమీ గ్రంథాల మీద సందేహాలు రాసిన ఇబ్నుల్ హైసమ్, పెద్దలు చెప్పారని దేన్నీ నమ్మవద్దని, చదివే ప్రతి మాటనూ పరీక్షించాలని, తన ఆలోచనను కూడా అనుమానించాలని హెచ్చరించారు. చీకటి గదిలో పరీక్షించే పద్ధతీ ఆయనదే. గాజు గోళంలో వెలుగు నడకను అల్ ఫారిసీ అర్థం చేసుకున్నదీ ఆయన రాసిన మరో పుస్తకం ఆధారంగానే.

సంధ్య రంగులు, సముద్రపు నీలం

మన నమాజు వేళలు ఆకాశపు రంగులతో ముడిపడినవే. మగ్రిబ్ తర్వాత పడమటి ఎరుపు తగ్గి తెల్లని వెలుగు మిగులుతుంది, అదీ పోతుంది. ఇషా వేళ ఎరుపు పోగానే మొదలవుతుందని కొందరు ఇమాములు, తెలుపు కూడా పోవాలని ఇమామ్ అబూ హనీఫా చెప్పారు. సూర్యుడు దిగంతం కింద సుమారు 18 డిగ్రీలు దిగేదాకా పై గాలిపొరలు ఆ వెలుగును మనకు అందిస్తూనే ఉంటాయి. సంధ్య మీద అరబ్బీలో వచ్చిన ఒక పుస్తకం 1572లో ఐరోపాలో ఇబ్నుల్ హైసమ్ పేరుతో అచ్చయింది. అది అందలూసియా ఖాజీ ఇబ్న్ ముఆజ్ రచన అని 20వ శతాబ్దంలో తేలింది.

ఆకాశం నీలంగా, సంధ్య ఎర్రగా ఉండడానికి కారణం గాలి అణువులు నీలపు వెలుగును ఎక్కువగా చెదరగొట్టడమేనని రేలీ వివరించాడు. సముద్రపు నీలం మాత్రం ఆకాశపు ప్రతిబింబమేనని ఆయన అనుకున్నాడు. విశాఖపట్నంలో చదువుకుంటూ పెరిగిన సి.వి. రామన్ 1921లో ఓడ ప్రయాణంలో ఆ మాటను పరీక్షించి, నీటి అణువులు కూడా వెలుగును చెదరగొడతాయని చూపారు. ఆ దారే 1928లో రామన్ ఫలితానికి, 1930లో నోబెల్ బహుమతికి చేర్చింది. బస్రా, తబ్రీజ్, విశాఖ: దారి ఒక్కటే.

ఈసారి వాన వెలిశాక పిల్లలు హరివిల్లును చూసి ప్రశ్న వేస్తే తెలియదని కసరకండి. సూర్యుడికి వీపు పెట్టి నిలబడమనండి. తల నీడ పడిన చోటి నుంచి 42 డిగ్రీల ఎత్తున ఆ విల్లు వంపు ఉంటుంది. సాయంత్రం పొద్దు ఖిబ్లా వైపు వాలుతుంది గనుక విల్లు వెనక తూర్పున నిలుస్తుంది. పొద్దుటి విల్లు పడమట కనిపిస్తుంది. పక్కన నిలబడ్డ తమ్ముడు చూసే విల్లు వేరే చినుకులది. ఎవరి విల్లు వారిదే గనుక ఎంత నడిచినా అది అందదు. ఇంటికి వచ్చాక కిటికీ మూసి, అట్టకు చిన్న రంధ్రం చేసి పెట్టండి. ఎదుటి గోడ మీద వీధి తలకిందులుగా కనిపిస్తుంది. వెయ్యేళ్ల క్రితం కైరోలో ఒక పండితుడు ఇలాంటి చీకటి గదిలోనే వెలుగు నడకను కనిపెట్టారని అప్పుడు చెప్పండి.