కళాప్రపూర్ణ గుఱ్ఱం జాషువ కవి

ఏటేట కళాశాల పరీక్షల ఫలితములు వెలువడిన పిమ్మట వచ్చు ఆదివారమున, ఆరాధన ముగిసిన తరువాత చేయు ప్రకటనలలో ఉత్తీర్ణులైన మన యువతీయువకుల పేర్లు చదువుట మన సంఘములలో పరిపాటి. స్నాతకోత్సవములో బంగారు పతకము పొందిన బిడ్డ ఉన్నచో ముందునకు పిలిచి, శాలువ కప్పి, అందరమును చప్పట్లు కొట్టుదుము. వెనుక వరుసలో కూర్చున్న తల్లి పైట కొంగుతో కన్నులు తుడుచుకొనును. ఇది ఎంతయు సంతోషింపదగిన విషయము. ఆ బిడ్డ చదివినది, పరీక్ష వ్రాసినది, మార్కులు తెచ్చుకొన్నది. విశ్వవిద్యాలయము తన కొలతతో కొలిచి పతకమిచ్చినది.

అయితే అదే స్నాతకోత్సవ వేదికపై పరీక్ష వ్రాయనివారికి ఇచ్చు పట్టమొకటి కలదు. దానిని గౌరవ పట్టమందురు. ఒక మనుష్యుడు తన జీవితకాలమంతయు చేసిన కృషినే పరీక్షగా ఎంచి, విశ్వవిద్యాలయము తానై పిలిచి ఇచ్చు పట్టమది. 1926లో స్థాపింపబడిన మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు సాహిత్యాది కళలలో కృషి చేసిన పెద్దల కొరకు తన గౌరవ డాక్టరేటునకు కళాప్రపూర్ణ యను చక్కని తెలుగు పేరు పెట్టుకొనినది. వ్యావహారిక భాష కొరకు జీవితాంతము పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారికి 1938లో ఈ బిరుదము లభించినది. అప్పటికి వారికి 75 ఏండ్లు సమీపించినవి. 1940లో వారు కన్నుమూసిరి. గౌరవ పట్టములు తరచుగా సాయంకాలపు వెలుగులోనే వచ్చునవి కాబోలు.

అట్లే జీవిత సాయంకాలమున కళాప్రపూర్ణ పొందిన మరియొకరు మన క్రైస్తవ సమాజములో పుట్టినవారు. ఆయనయే గుఱ్ఱం జాషువ కవి. ఆయన జీవితమును ఈ శతవార్షికోత్సవ సంచికలో తలచుకొనుట ఆయన గొప్పతనమును పొగడుట కొరకు మాత్రమే కాదు. ఆ పట్టము ఆయనను చేరుటకు అంత కాలము ఎందుకు పట్టినదో, అందులో మన పాలు ఎంతయో చూచుకొనుట కొరకు కూడ.

జాషువ గారు 1895 సెప్టెంబరు 28న, నేటి పల్నాడు జిల్లాలోని వినుకొండలో జన్మించిరి. తండ్రి వీరయ్య గారు యాదవులు. తల్లి లింగమాంబ గారు మాదిగ కులస్థురాలు. ఇరువురును క్రైస్తవ విశ్వాసులు. కులము దాటి కలిసిన ఆ దంపతుల బిడ్డకు ఊరిలో ఏ వైపునను సులువైన చోటు దొరకలేదు. బాల్యములో బొమ్మలు గీయుట, పాటలు పాడుట ఆయనకు సహజముగా అబ్బినవి. చిన్ననాటి స్నేహితుడు, తరువాత తానును కవియైన దీపాల పిచ్చయ్య శాస్త్రి గారి సాహచర్యమువలన పద్యముపై మక్కువ కలిగినది. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి యొద్ద కాళిదాసు కావ్యములైన మేఘసందేశము, రఘువంశము, కుమారసంభవము చదువుకొనిరి. అంటరానివాడని లోకము దూరముగా నిలిపిన బాలునికి సంస్కృత కావ్యములు చెప్పిన ఆ గురువు గారిని కూడ మనము కృతజ్ఞతతో తలచుకొనవలెను.

అయినను లోకమంతయు ఆ గురువు గారి వంటిది కాదు. వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో యువకుడైన జాషువ గారు పద్యములు చదివినప్పుడు, తక్కువ కులమువానిని సభలోనికి ఎందుకు రానిచ్చితిరని కొందరు అడిగిరి. పద్యములో తప్పున్నదని కాదు వారి అభ్యంతరము. చదివిన నోరు ఏ కులమునకు చెందినదని. ఆ గాయము ఆయనను జీవితాంతము వెంటాడినది. కాని ఆయన కలము వదలలేదు, ఛందస్సును వదలలేదు. ఆ పెద్దల పద్యమునే చేతబట్టుకొని, వారికంటె చక్కగా వ్రాసి చూపించిరి.

పొట్టకూటికై ఆయన పడిన పాట్లు అన్నియిన్ని కావు. 1910లో మేరీ గారితో వివాహమైనది. మిషను పాఠశాలలో నెలకు 3 రూపాయల జీతముపై ఉపాధ్యాయుడుగా పనిచేసిరి. ఆ పని పోగా రాజమహేంద్రవరము వెళ్లి 1915, 1916 సంవత్సరములలో సినిమా వాచకుడుగా కుదిరిరి. అవి మూకీ చిత్రముల రోజులు. తెరమీద బొమ్మలు కదలుచుండగా, ప్రక్కన నిలిచి కథను, సంభాషణలను గొంతెత్తి చదువుటయే ఆ ఉద్యోగము. తరువాత గుంటూరులో లూథరన్ సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయములో సుమారు 10 ఏండ్లు పనిచేసిరి. 1928 నుండి 1942 వరకు అదే పట్టణములో ప్రభుత్వ శిక్షణాలయమున తెలుగు పండితులుగా ఉండిరి. కళాశాలకు వెళ్లి పట్టా పుచ్చుకొను భాగ్యము ఆయనకు కలుగలేదు. స్వయముగా చదువుకొని ఉభయభాషాప్రవీణ పరీక్షలో కృతార్థులైరి. అనగా పరీక్ష వ్రాసి పొందిన పట్టము విలువయు ఆయనకు తెలియును.

ఇక మన మాటకు వత్తము. జాషువ గారు హరిశ్చంద్రుని కథను, శివుని, కాళిదాసును, బుద్ధుని, తాజమహలును అన్నిటిని తన కవిత్వమునకు సొంతము చేసుకొనిరి. క్రైస్తవుడై యుండి హిందూ పురాణ విషయములు వ్రాయుచున్నాడని సంఘ పెద్దలు కొందరు ఆయనను వెలివేసిరి. ఒక వైపు క్రైస్తవుడవు, కులము తక్కువవాడవు, సభకు రావద్దని అనిరి. మరియొక వైపు నీవు పురాణకవివి, సంఘములో నీకు చోటు లేదనిరి. రెండు తలుపులును మూయబడిన చోట ఆ కవి నిలువవలసి వచ్చెను. ఇది వ్రాయుటకు నాకును కష్టముగానే యున్నది. కాని నూరేండ్ల చరిత్ర చెప్పుకొను సంచికలో సంతోషపు సంగతులు మాత్రమే వ్రాసినచో అది చరిత్ర కాదు.

ఆ కాలముననే ఆయన గొప్ప కావ్యములు వెలువడినవి. 1932లో ఫిరదౌసి వచ్చినది. పారశీక మహాకవి ఫిరదౌసి షానామా యను మహాకావ్యము వ్రాయగా, గజనీ మహమ్మదు సుల్తాను పద్యమునకు ఒక బంగారు నాణెము చొప్పున ఇత్తునని మాట యిచ్చి, తీరా వేలకొలది పద్యములు పూర్తియైన పిమ్మట వెండి నాణెములు పంపెనని ఒక పాత కథ. కవి ఆ వెండిని తిరస్కరించి వెళ్లిపోయెను. ఏండ్లు గడచిన తరువాత సుల్తాను పశ్చాత్తాపపడి బంగారము పంపగా, ఆ ధనము పట్టణపు ఒక ద్వారమున ప్రవేశించుచుండగనే కవి శవము మరియొక ద్వారమున వెలుపలికి పోవుచున్నదట. కూతురు ఆ ధనమును ముట్టలేదందురు. ఆలస్యమైన సన్మానము ఎంత వ్యర్థమో చెప్పుటకు ఇంతకంటె కథ అక్కరలేదు. దానిని తెలుగున కావ్యముగా మలచిన కవికి అప్పటికి 37 ఏండ్లు. తన బ్రతుకులో రానున్న దానిని గూర్చి ఆయన అప్పుడు ఏమి ఊహించెనో మనకు తెలియదు గాని, చదువునప్పుడు మనకు ఆయనయే గుర్తుకు వచ్చును.

1941లో గబ్బిలము వెలువడినది. కాళిదాసు యక్షుడు మేఘముతో ప్రియురాలికి సందేశము పంపెను. జాషువ గారి కథానాయకుడు యక్షుడు కాడు, ఆకలిగొన్న అరుంధతీసుతుడు. అతడు తన గోడు పరమశివుని చెవిని వేయుమని గబ్బిలమును వేడుకొనును. అతనికి గుడిలో ప్రవేశము లేదు. గబ్బిలమునకు గర్భాలయములో వ్రేలాడుటకు ఎవరి అనుమతియు అవసరము లేదు. మనిషికి లేని స్వేచ్ఛ పిట్టకున్నదన్న ఆ ఒక్క ఊహలో వేలాది ఏండ్ల అన్యాయమంతయు ఇమిడి యున్నది. గురువు గారి యొద్ద చిన్ననాట చదివిన మేఘసందేశము ఇట్లు పనికి వచ్చినది.

ఆయన శ్మశానవాటి పద్యముల సంగతి చెప్పనక్కరలేదు. సత్యహరిశ్చంద్ర నాటకమాడినప్పుడు కాటి సీనులో నటులు ఆ పద్యములను రాగమెత్తి పాడుట తెలుగు పల్లెలలో ఆచారమైపోయినది. అక్షరము రానివారు సైతము వన్స్‌మోర్ కొట్టి మరల పాడించుకొనెడివారు. ఆయనను పండిత సభలలోనికి రానిచ్చుటకు తటపటాయించిన దినములలో, ఊరి నడుమ పెట్రోమాక్సు దీపముల వెలుగున చాపలపై కూర్చున్న జనము ఆయనకు ముందుగానే పట్టము కట్టినది. అది కాగితముపై వ్రాయని పట్టము.

క్రమముగా పండితులును కదలిరి. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు వృద్ధాప్యమున తన చేతులతో జాషువ గారి పాదమునకు గండపెండేరము తొడిగిరి. పండిత బ్రాహ్మణోత్తములు, శతావధానులు, ఆంధ్రదేశమున సగము మంది కవులకు గురువులు. అట్టివారు వంగి, లోకము అంటరానిదన్న పాదమును తాకిరి. వినుకొండ సభలో జరిగిన దానికి ఇది ప్రాయశ్చిత్తము వలె తోచును.

1957 నుండి 1959 వరకు జాషువ గారు మదరాసు ఆకాశవాణిలో కార్యక్రమ నిర్మాతగా పనిచేసిరి. 1964లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యులైరి. అదే సంవత్సరము ఆయన క్రీస్తు చరిత్ర కావ్యమునకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఇక్కడ ఒక క్షణము ఆగవలెను. క్రైస్తవ విషయములు వ్రాయలేదని ఎవరిని వెలివేసితిమో, ఆయనయే మన రక్షకుని జీవితమును తెలుగు పద్యములలో పాడెను. దానిని మనకంటె ముందు దేశము గుర్తించినది.

1970 వచ్చినది. ఆ సంవత్సరముననే భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదమును, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణను ఆయనకు ప్రసాదించినవి. కళాశాల మెట్లెక్కని 3 రూపాయల బడిపంతులు విశ్వవిద్యాలయమువారి గౌరవ డాక్టరేటు పొందిరి. ఒకప్పుడు సభలోనికి రావద్దన్న పేరు, ఇప్పుడు విశ్వవిద్యాలయము తానే కోరి తన పట్టికలో చేర్చుకొనిన పేరు అయినది. ఆయన వయస్సు అప్పటికి 75 ఏండ్లకు సమీపించినది. 1971 జూలై 24న గుంటూరులో పరమపదించిరి. ఫిరదౌసికి జరిగినట్లు జరుగలేదు. బంగారము ద్వారము దాటి లోనికి వచ్చునప్పటికి కవి ఇంకను ప్రాణములతోనే యుండెను. కాని తేడా ఒకటి రెండేండ్లు మాత్రమే.

గౌరవ పట్టము వలన జాషువ గారి కవిత్వమునకు ఒక్క మెరుగైనను అదనముగా రాలేదు. గబ్బిలము 1941లో ఎంత గొప్పదో 1970లోను అంతే. మారినది చూచువారి కన్ను. కనుక గౌరవ పట్టము పుచ్చుకొనువారికంటె ఇచ్చువారికే ఎక్కువ పరీక్ష. తమ నడుమనున్న యోగ్యుని ఎప్పుడు గుర్తుపట్టితిరి, ఎంత ఆలస్యముగా గుర్తుపట్టితిరి అన్నదే ఆ పరీక్షలోని ప్రశ్న. ఆ ప్రశ్నపత్రము మన సంఘములకును ఇయ్యబడినది. జాషువ గారి విషయములో మన మార్కులు చెప్పుకోదగినవి కావు.

మన గ్రామ సంఘములలో నేడును అట్టివారు లేకపోలేదు. బడికి పోని వృద్ధురాలు స్వయముగా కట్టిన కీర్తనను పంట పొలములో పాడుకొనుచుండును. హార్మోనియముపై ఎందరో బిడ్డలకు సంగీతము నేర్పిన పెద్దమనిషి మూలగదిలో మంచము పట్టియుండును. క్రొత్త రీతిలో వ్రాసిన యువకుని కవితను చూచి, ఇది మన విశ్వాసమునకు తగునా యని మనము నొసలు చిట్లింతుము. వీరెవ్వరికిని విశ్వవిద్యాలయము నుండి పిలుపు రాదు. పిలువవలసినది మనమే. వచ్చే ఆదివారము పట్టభద్రుల పేర్లు చదివిన పిమ్మట, అట్టివారి పేరొకటి కూడ చదువుదము. ఆ శాలువ వారి భుజములపై కప్పుదము, శవపేటికపై కాదు.