తన గొంతులో దొరికిన వైరస్‌కు ప్రపంచమంతా కాపలా పెట్టించిన ఆండ్రూస్

1933 ఫిబ్రవరిలో లండన్‌ను ఫ్లూ కమ్మేసింది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ మెడికల్ రీసెర్చ్‌లో పనిచేస్తున్న క్రిస్టఫర్ ఆండ్రూస్‌ కూడా జ్వరంతో మంచమెక్కారు. సహోద్యోగి విల్సన్ స్మిత్ ఆయన చేత గొంతు పుక్కిలింపజేసి, ఆ నీళ్లను పట్టుకెళ్లి రెండు ఫెరెట్ల ముక్కుల్లో వేశారు. ఫెరెట్ అంటే చూడటానికి కాస్త ముంగిసలా ఉండే చిన్న జంతువు. కొద్ది రోజులకే వాటికీ జ్వరం వచ్చింది, ముక్కులు కారాయి, తుమ్ములు మొదలయ్యాయి.

మనిషికి ఫ్లూ తెచ్చేది వైరసేనని అలా రుజువైంది. స్మిత్, ఆండ్రూస్, వారి పెద్ద ప్యాట్రిక్ లెయిడ్లా కలిసి అదే ఏడాది జులైలో లాన్సెట్ పత్రికలో ఈ విషయాన్ని ప్రకటించారు. ఫెరెట్లను ఎంచుకోవడం కూడా ఊరికే తట్టిన ఆలోచన కాదు. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వ్యాధి మీద లెయిడ్లా అప్పటికే ఈ జంతువులతో పనిచేసి ఉన్నారు. తర్వాత కొన్నేళ్లకు ఒక ఫెరెట్ పరిశోధకుడి మొహం మీదే తుమ్మి ఆయనకు ఫ్లూ అంటించింది. ఏమైనా అనుమానం మిగిలి ఉంటే దానితో అదీ తీరిపోయింది.

ఈ రుజువు కోసం వైద్యలోకం ఎంతగా ఎదురుచూసిందో తెలియాలంటే పదిహేనేళ్లు వెనక్కి వెళ్లాలి. ఆండ్రూస్ 1896 జూన్ 7న లండన్‌లో పుట్టారు. తండ్రి ఫ్రెడరిక్ సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో పేరున్న పాథాలజిస్టు. కొడుకూ అక్కడే వైద్యం చదివాడు. ఆ చదువుల కాలంలోనే 1918 మహమ్మారి ప్రపంచాన్ని తుడిచిపెట్టింది. ఒక్క భారతదేశంలోనే కనీసం కోటీ 20 లక్షల మంది చనిపోయారని అంచనా. ఫ్లూకు కారణం ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1892లో చూపించిన ఒక బ్యాక్టీరియా అని అప్పటి వైద్యుల్లో చాలామంది నమ్మేవారు. శత్రువు ఎవరో తెలియకుండానే చేసిన యుద్ధం అది. ఇక నిఘా ఎవరి మీద పెట్టాలి?

వైరస్ దొరికాక టీకాలు వచ్చాయి. 1940ల్లో అమెరికా సైన్యంలో అవి బాగానే పనిచేశాయి. కానీ 1947లో అదే టీకా దాదాపు పనికిరాకుండా పోయింది. వైరస్ తన పైపొరను మార్చుకుంది. సీజనల్ ఫ్లూతో ఉన్న చిక్కంతా ఇదే. ఒకసారి పట్టుకుంటే సరిపోదు, ఏటా పట్టుకుంటూనే ఉండాలి.

అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ తాత్కాలిక కమిషన్ లండన్‌లో వరల్డ్ ఇన్‌ఫ్లుయెంజా సెంటర్‌ను నెలకొల్పాలని నిర్ణయించింది. దాని బాధ్యత ఆండ్రూస్‌కు దక్కింది. ఏ దేశంలో ఫ్లూ వచ్చినా రోగుల గొంతు నుంచి నమూనాలు తీయడం, స్థానిక ల్యాబులో వైరస్‌ను వేరు చేయడం, దాన్ని లండన్‌కు పంపడం, పాతదానితో పోల్చి మారిందో లేదో చెప్పడం... పని ఇంతే. పేదవీ ధనికవీ, అప్పుడే స్వాతంత్ర్యం వచ్చినవీ అన్నీ ఒకరికొకరు వైరస్‌లు పంపుకోవాలన్న ఆలోచన ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో నిలబడటమే విశేషం. భారత్ నుంచి నీలగిరుల్లోని కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ ఈ వలలో చేరింది. 1950ల్లో లండన్ కేంద్రం రోజువారీ పనిని ఎలిక్ ఐజక్స్ అనే యువ శాస్త్రవేత్త చూసుకున్నారు.

ఈ వలకు తొలి పెద్ద పరీక్ష 1957లో ఎదురైంది. అందులో అది సగమే నెగ్గింది.

ఆ ఏడాది ఫిబ్రవరిలో నైరుతి చైనాలో కొత్త ఫ్లూ మొదలైంది. చైనా శాస్త్రవేత్తలు ఆ వైరస్‌ను త్వరగానే గుర్తించారు. వారిలో ముఖ్యుడైన చు చిమింగ్ అంతకు కొన్నేళ్ల ముందు లండన్‌లో ఆండ్రూస్‌తో కలిసి ఫ్లూ మీద పనిచేసినవాడే. అయినా కబురు రాలేదు. కమ్యూనిస్టు చైనాకు అప్పట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థలో చోటు లేదు. హాంకాంగ్‌లో ఆసుపత్రుల ముందు జనం బారులు తీరారన్న వార్తను ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్‌లో చదివి అమెరికా శాస్త్రవేత్త మారిస్ హిల్‌మన్ ఉలిక్కిపడ్డారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు సింగపూర్ నుంచి సమాచారం అందేసరికి మే వచ్చింది. ప్రయోగశాలల వల కన్నా ముందు దినపత్రిక హెచ్చరించిందన్నమాట.

భారత్‌కు ఆ వైరస్ మే మధ్యలో, సింగపూర్ నుంచి వచ్చిన ఓడలో మద్రాసు రేవుకు చేరింది. 12 వారాల్లో దేశమంతా పాకింది. 1958 ఫిబ్రవరి నాటికి రికార్డులకెక్కిన కేసులు దాదాపు 44 లక్షల 50 వేలు, మరణాలు సుమారు 1,100. డాక్టరు మొహం చూడకుండా పోయినవారు ఈ లెక్కలో ఉండే అవకాశమే లేదు. మహమ్మారి వచ్చినప్పుడు కేసులు ఎంత వేగంగా పెరుగుతాయో, లెక్కల మీద నమ్మకం అంత వేగంగా తగ్గుతుంది.

అంతకన్నా వింతైన సంగతి కొన్నాళ్లకు బయటపడింది. కొత్త వైరస్ హెచ్2ఎన్2 వచ్చాక, అప్పటిదాకా ఏటా తిరుగుతున్న హెచ్1ఎన్1 మనుషుల్లో కనిపించడం మానేసింది. ఆండ్రూస్ గొంతులో దొరికిన వైరస్‌ది ఆ కుటుంబమే. పాత సీజనల్ ఫ్లూను మహమ్మారి ఊడ్చేసి, తర్వాత తానే సీజనల్ ఫ్లూగా స్థిరపడింది. 1968లో హాంకాంగ్ ఫ్లూ, అంటే హెచ్3ఎన్2, వచ్చి హెచ్2ఎన్2ను ఇదే తీరున సాగనంపింది. ఏటా నమూనాలు తీసే వల లేకపోతే ఈ రాకపోకలు ఎవరికీ తెలిసేవి కావు.

ఆండ్రూస్ మనసు ఫ్లూ దగ్గరే ఆగిపోలేదు. 1946లో సాల్స్‌బరీ దగ్గర మొదలైన కామన్ కోల్డ్ యూనిట్‌కు ఆయనే ఊపిరి. పది రోజులు ఉచిత బస, భోజనం అంటే జనం సరదాగా వచ్చి జలుబు అంటించుకునేవారు. హనీమూన్‌కు వచ్చిన జంటలూ ఉన్నాయి. తడి సాక్సులతో చలిగాలిలో నిలబెట్టినా జలుబు అదనంగా రాదని అక్కడే తేలింది. మన ఇళ్లలో ఈ మాట ఇప్పటికీ ఎవరూ నమ్మరు. 1950లో కొందరు వాలంటీర్లను స్కాట్లాండ్ తీరంలో మనుషుల్లేని ఒక దీవికి కూడా పంపారు. బయటివారితో సంబంధాలు తెంచేస్తే జలుబు ఎలా నడుచుకుంటుందో చూడాలన్నది ఆయన ఉద్దేశం. ఫలితం అంత స్పష్టంగా రాలేదు.

1961లో సర్ బిరుదుతో పాటే పదవీ విరమణ వచ్చింది. ఈగలు, కందిరీగల మీద ఆయనకు చిన్ననాటి నుంచీ ప్రేమ. కందిరీగలు, తేనెటీగల జీవితాల మీద ఏకంగా పుస్తకమే రాశారు. ఆయనకు 81 ఏళ్లప్పుడు, 1977లో, హెచ్1ఎన్1 మళ్లీ మనుషుల్లోకి వచ్చింది. అది దాదాపు 1950 నాటి వైరస్‌లాగే ఉంది. మధ్య ఇరవై ఏళ్లలో రావలసిన మార్పులు దానిలో లేవు. ఏదో ఒక ప్రయోగశాల నుంచో, టీకా పరీక్షల నుంచో అది బయటపడి ఉంటుందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. వైరస్‌లను దాచిపెట్టి పోల్చి చూసే పద్ధతిలో ప్రమాదం కూడా ఉందన్నమాట. ఆండ్రూస్ 1988 డిసెంబర్ 31న కన్నుమూశారు.

ఆ దీవి ప్రయోగాన్ని 2020లో ప్రపంచమంతా, ఎవరూ కోరుకోకుండానే, మళ్లీ చేసింది. ఫ్లూ కోసం పెట్టుకున్న ల్యాబులు, యంత్రాలు, సిబ్బంది రాత్రికి రాత్రి కొవిడ్ పనికి మళ్లారు. దగ్గు, జ్వరమంటే కొవిడ్ పరీక్షే. ఫ్లూ కేసులు పడిపోతే, అసలు వెతకడం మానేశారేమోనన్న అనుమానం సహజంగానే వచ్చింది. అమెరికా లెక్కలు దానికి జవాబిచ్చాయి. 2020-21 సీజన్‌లో అక్కడ 13 లక్షల నమూనాలు పరీక్షిస్తే ఫ్లూ తేలింది 0.2 శాతంలోనే. వెతికినా దొరకలేదు. మాస్కులు, ఆగిపోయిన విమానాలు, మూతపడ్డ బడులు ప్రధాన కారణాలు. ఒక వైరస్ సోకిన శరీరం కొంతకాలం మరోదాన్ని రానివ్వకపోవడం కూడా కారణమై ఉండొచ్చని కొందరు అంటారు. దాని వెనకున్న ఇంటర్‌ఫెరాన్‌ను ఐజక్స్, జీన్ లిండెన్‌మన్ కనిపెట్టింది ఆండ్రూస్ సంస్థలోనే, అదీ సరిగ్గా 1957లోనే.

ఫ్లూ తిరిగొచ్చింది. 2023 ఆరంభంలో మన దేశంలో వారాల తరబడి వదలని దగ్గులకు హెచ్3ఎన్2 కారణమని ఐసీఎంఆర్ గుర్తించింది. తిరిగి రానిది ఒక్కటే, ఇన్‌ఫ్లుయెంజా బీలోని యమగాటా రకం. 2020 మార్చి తర్వాత అది ఎక్కడా నిర్ధారణ కాలేదు. దాన్ని టీకా నుంచి తీసేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిటీ 2023లో చెప్పింది. 120కి పైగా దేశాల్లో ఉన్న ఫ్లూ కేంద్రాలు, పుణె నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ సహా, వచ్చిన ప్రతి ఇన్‌ఫ్లుయెంజా బీ నమూనాలోనూ దాని జాడ కోసం ఇంకా చూస్తూనే ఉన్నాయి.