రేకుకు రూపమిచ్చిన పినిన్ ఫరీనా

విజయవాడ ఆటోనగర్ వైపు వెళ్ళే అలవాటున్న వారికి నిన్న మొన్నటి దాకా ఒక దృశ్యం కనబడుతూ వుండేది. కంపెనీ నుంచి వచ్చిన కొత్త లారీ ఛాసిస్. ఇంజను, చక్రాలు, ఇనుప చట్రం తప్ప పైన మరేమీ వుండదు. డ్రైవరు తలకు తువ్వాలు చుట్టుకుని, ఒక చెక్కపెట్టె మీద కూర్చుని, ఎండకు ఎండుతూ దాన్ని నడుపుకొస్తాడు. షెడ్డులో వడ్రంగి, కమ్మరి, టింకరింగు మేస్త్రి, పెయింటరు కలిసి దానికి ఒళ్ళు తొడుగుతారు. మా పెద్దనాన్న గారి అబ్బాయి అలాంటి ఒక షెడ్డులోనే రేకు పని చేస్తాడు. ఇంటర్మీడియట్ తప్పాక పొలం పని చెయ్యనని వెళ్ళిపోయాడు. చుట్టాలొస్తే మా ఇంట్లో నా బి.యస్సీ. గురించి చెబుతారు గాని అన్నయ్య పని సంగతి ఎత్తరు.

అదే రేకు పనితో జీవితం మొదలుపెట్టి, చివరకు ఆ పనితోనే తన ఇంటిపేరు మార్చుకున్న ఒక మనిషి కథ ఇది. ఈనాడు ఇటలీలోను, అమెరికాలోను పాత ఇటాలియన్ స్పోర్ట్సు కార్లను, ముఖ్యంగా టాపు మడిచే వాటిని, వెదికి కొని, తుప్పు వదిలించి బాగు చేసుకునేవారు వేలల్లో వున్నారు. ఆ కార్లలో చాలా వాటి పక్కన ఒకే పేరు వుంటుంది. పినిన్ ఫరీనా.

అసలు పేరు బతిస్తా ఫరీనా. 1893వ సంవత్సరం నవంబరు 2వ తేదీన జన్మించారు. వారి కుటుంబానిది ఉత్తర ఇటలీలో పీడ్‌మాంట్ సీమలోని కోర్తాన్‌జె అనే పల్లె. ద్రాక్షతోటలకు పేరుపడ్డ ఆస్తి పట్టణానికి దగ్గర్లో వుంటుంది. పట్టణం పేరు ఆస్తే గాని ఆ ఇంటికి పిల్లలే ఆస్తి. పదకొండు మంది సంతానంలో ఈయన పదవవాడు. పినిన్ అంటే ఆ సీమ మాండలికంలో బుల్లోడు అన్నమాట. మనిషి కూడా పొట్టే. మన పల్లెల్లో చంటోడు, బుజ్జోడు అని పిలుపు పడితే అరవయ్యేళ్ళు వచ్చినా పోదు గదా, ఆయనకూ అంతే అయింది.

అన్న జొవాన్ని ఫరీనాకు ట్యూరిన్ నగరంలో బండ్లకు బాడీలు కట్టే కార్ఖానా వుండేది. పన్నెండేళ్ళ వయసుకే బతిస్తా అందులో పనికి చేరారు. గుర్రపు బగ్గీలు పోయి మోటారు కార్లు వస్తున్న రోజులవి. కార్ల కంపెనీలు చాలావరకు ఛాసిస్ వరకే తయారుచేసి ఇచ్చేవి. డబ్బున్న ఆసామి దాన్ని తనకు నచ్చిన కార్ఖానాకు తోలుకుపోయి, కావలసిన ఆకారంలో బాడీ కట్టించుకునేవాడు. అచ్చం మన లారీల పద్ధతే. ముందు చెక్కతో ఆకారం నిలబెడతారు. రేకును దుంగ మీదో, ఇసుక నింపిన తోలుసంచి మీదో పెట్టి సుత్తితో కొట్టి కొట్టి వంపు తెస్తారు. ఎక్కడ కొడితే రేకు సాగుతుందో, ఎక్కడ ముడుచుకుంటుందో చేతికే తెలియాలి. ఇటలీలో ఆ మేస్త్రీలను బాతిలాస్త్రా అంటారు. రేకు కొట్టేవాడని అర్థం. బతిస్తా ఆ శబ్దాల మధ్యనే పెరిగారు.

1920లో ఆయన అమెరికా వెళ్ళి డెట్రాయిట్ చూశారు. హెన్రీ ఫోర్డు ఫాక్టరీలో కార్లు గొలుసు మీద వరుసగా తయారై బయటికి రావడం చూశారు. ఫోర్డు ఆయనకు ఉద్యోగం ఇస్తానన్నాడు. ఆయన వద్దని తిరిగి వచ్చేశారు. ఈ ఒక్క సంగతి పట్టుకుని ఆయన్ను చేతిపనికి కట్టుబడిన తపస్విగా చెప్పేస్తే పొరపాటే. యంత్రం చేసే పని ఆయన మనసులో గట్టిగా నాటుకుంది. చేత్తో పుట్టిన అందం యంత్రం మీద కూడా నిలుస్తుందా అన్నది ఆ తర్వాత నలభై ఏళ్ళూ ఆయన్ను వదలని ప్రశ్న. నా దృష్టిలో ఆయన జీవితమంతా ఆ ఒక్క ప్రశ్నే.

1930వ సంవత్సరం మే నెలలో అన్న నీడ నుంచి బయటికి వచ్చి సొంత కార్ఖానా పెట్టారు. భార్య తరఫువారు కొంత, కార్ల కంపెనీ యజమాని విన్‌చెంజో లాన్చియా కొంత సాయం చేశారు. అన్న పేరుమీద ఒక ఫరీనా కార్ఖానా అప్పటికే వుంది గనుక తన కార్ఖానాకు తన ముద్దుపేరు కలిపి పినిన్ ఫరీనా అని పెట్టుకున్నారు. ఆ దశాబ్దంలో గాలికి అడ్డం పడకుండా జారిపోయే ఆకారాల మీద ఆయన దృష్టి పెట్టారు. లాన్చియా అప్రీలియా ఛాసిస్ మీద ఆ రోజుల్లో కట్టిన బాడీలు చూస్తే నీటిచుక్క గుర్తొస్తుంది.

యుద్ధం వచ్చింది, పోయింది. 1946లో పారిస్‌లో మోటారు ప్రదర్శన జరిగింది. ఇటలీ ఓడిన శత్రుదేశం గనుక ఇటలీ వారికి లోపల చోటు లేదన్నారు. అప్పుడు యాభై రెండేళ్ళ పినిన్, ఇరవయ్యేళ్ళ కొడుకు సెర్జియో చెరొక కారు నడుపుకుంటూ ట్యూరిన్ నుంచి పారిస్ వెళ్ళారు. ఒకటి ఆల్ఫా రోమియో, ఒకటి లాన్చియా. ప్రదర్శన జరిగే గ్రాండ్ పాలే భవనం ముందే వాటిని తుడిచి నిలబెట్టారు. వచ్చేవారు, పోయేవారు లోపలికి వెళ్ళకముందే ఈ రెండు కార్ల దగ్గర ఆగారు. సంతలో చోటివ్వకపోతే సంత దారిలో బండి విప్పుకుని కూర్చునే రైతు తెలివి ఇది. నాకు ఈ ఘట్టం చదివినప్పుడు మా నాన్న గుర్తొచ్చారు.

మరుసటి ఏడే చిసితాలియా 202 వచ్చింది. బానెట్టు, మడ్‌గార్డులు, లైట్లు దేనికది విడిగా అతికించినట్లుండే పాత పద్ధతి పోయి, అన్నీ ఒకే ఒంట్లో కలిసిపోయిన ఆకారం. చేత్తో కొట్టిన అల్యూమినియం రేకు. మొత్తం రెండు వందలు కూడా తయారు కాలేదు. 1951లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం వారు ఎనిమిది కార్లను ఎంచి కళాఖండాలుగా ప్రదర్శిస్తే అందులో ఇది ఒకటి. దాని ఇంజను ఫియట్ 1100 నుంచి తీసుకున్నదే. మన రోడ్ల మీద తిరిగిన ప్రీమియర్ పద్మినిదీ ఆ ఫియట్ 1100 వంశమే! కళాఖండానికీ, బొంబాయి టాక్సీకీ గుండె ఒక్కటే అన్నమాట.

ఎంజో ఫెరారీతో ఆయన కలయిక తమాషాగా వుంటుంది. ఒకరి చోటికి ఇంకొకరు వెళ్ళడానికి పౌరుషం అడ్డొచ్చింది. 1951లో ఇద్దరి వూళ్ళకూ మధ్యనున్న తొర్తోనా పట్టణంలో ఒక హోటల్లో కలుసుకుని, భోజనం బల్ల దగ్గర మాట్లాడుకున్నారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఫెరారీ కార్లలో అత్యధిక భాగం పినిన్ కార్ఖానా గీసినవే. ఆ సంగతి లోకానికంతా తెలుసు గనుక వదిలేస్తాను.

అసలు పరీక్ష 1955లో వచ్చింది. న్యూయార్క్‌లో విదేశీ కార్లు అమ్మే మాక్స్ హాఫ్‌మన్ అనే వర్తకుడు, ఆల్ఫా రోమియో వారి చిన్న కారు జులియెత్తాకు టాపు మడిచే రకం కావాలని పట్టుబట్టాడు. బెర్తోనె, పినిన్ ఫరీనా ఇద్దరూ నమూనాలు కట్టారు. పినిన్ నమూనా గెలిచింది. గెలవడం వరకు బాగానే వుంది గాని ఇది ఇరవై ముప్ఫై కార్ల బేరం కాదు. అదే కాలంలో ఆయన కట్టిన లాన్చియా ఔరేలియా బి24 స్పైడర్ మొత్తం 240 మాత్రమే. అందుకే తర్వాతి కాలంలో అది పది లక్షల డాలర్లు దాటి కూడా అమ్ముడైంది. జులియెత్తా స్పైడర్ అలా కాక సుమారు పదిహేడు వేలు తయారైంది. ఆ రాశికి పాత షెడ్డు చాలలేదు. 1958లో ట్యూరిన్ పక్కన గ్రుల్యాస్కోలో పెద్ద ఫాక్టరీ కట్టారు. డెట్రాయిట్‌లో చూసిన ప్రెస్సులు ఆయన ఇంటికే వచ్చాయి. అయినా తలుపులు, మూతలు, సందులు మనిషి చేత్తోనే సరిచేసి అమర్చేవారు.

ఈ సంగతి ఇప్పుడు కొని బాగు చేసుకునేవారికి అనుభవంలోకి వస్తుంది. ఒక కారు తలుపు తెచ్చి ఇంకో కారుకు పెడితే సరిగా కూర్చోదు, మళ్ళీ సుత్తి పట్టవలసిందే.

ఇక్కడ కొంచెం ఫిజిక్సు చెప్పుకోవాలి. చెప్పుల అట్టపెట్టెను మూతతో సహా పట్టుకుని మెలిపెట్టండి, లొంగదు. మూత తీసి మెలిపెట్టండి, వంకర తిరుగుతుంది. టాపు లేని కారు మూత తీసిన పెట్టె. పైకప్పు మోయవలసిన బరువును కిందనున్న భాగాలు మోయాలి. తలుపుల కింద గడపలాగా ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే బోలు రేకుపెట్టెలు వుంటాయి. కారుకు వెన్నెముక అవే. గుడ్డ టాపు నుంచి కారిన వాన, చలిదేశాల్లో మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు ఆ బోలులో చేరి లోపలి నుంచి తినేస్తాయి. బయట రంగు నిగనిగలాడుతూనే వుంటుంది. అమ్మేవాడు లప్పం పెట్టి, పైన ఎర్రరంగు కొట్టి చూపిస్తాడు. అందుకే తెలిసినవాడు జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్తాడు. రేకున్న చోట అంటుకుంటుంది, లప్పమున్న చోట జారి పడిపోతుంది. గేదెను కొనేవాడు పళ్ళు పట్టి చూసినట్లు ఈ కార్లను వంగి గడప కింద చూడాలి. ఇంజను పాడై బాడీ బాగున్నది కొనవచ్చు గాని, ఇంజను బాగుండి బాడీ పోయినది కొనకూడదని అనుభవజ్ఞులందరి మాట. ఇంజను విడిభాగాలు దొరుకుతాయి. ఆల్ఫా గేరుబాక్సులో రెండో గేరు వేసినప్పుడు గరగరమంటే అదీ బాగవుతుంది. రేకు పని మాత్రం నెలల తరబడి సాగుతుంది.

ఆ పనికి ఒక క్రమం వుంది. కుళ్ళిన గడపను కోసే ముందు తలుపు సందులో అడ్డంగా ఇనుప కడ్డీలు వెల్డింగు చెయ్యాలి. ఆ పని చెయ్యకుండా కోస్తే కారు మధ్యలో కుంగిపోతుంది. తర్వాత ఎంత మంచి గడప అతికించినా తలుపు పట్టదు. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకోవాలి. కొత్త రేకు వేశాక లోపల మైనం చల్లి, నీళ్ళు పోయే రంధ్రాలు తెరిచి వుంచాలి. తొందరపడి ముందు రంగు కొట్టినవాడు రెండేళ్ళకు మళ్ళీ మొదటికి వస్తాడు.

పినిన్ జీవితంలో చివరి ఘట్టానికి వద్దాం. 1961లో ఇటలీ అధ్యక్షుడు జొవాన్ని గ్రోంకి ఉత్తర్వు ద్వారా ఆయన ఇంటిపేరు ఫరీనా నుంచి పినిన్‌ఫరీనాగా మారింది. ఇంట్లో పిలుచుకునే బుల్లోడన్న మాట ప్రభుత్వ రికార్డుకు ఎక్కింది. కార్ఖానా బాధ్యత కొడుకు సెర్జియోకు, అల్లుడు రెంజో కార్లికి అప్పగించారు. 1966 మార్చిలో జెనీవా ప్రదర్శనలో ఆల్ఫా రోమియో కొత్త స్పైడర్ వచ్చింది. తర్వాత దానికి డ్యుయెత్తో అనే పేరు పడింది. ఆయన చెయ్యి తగిలిన చివరి కారుగా దాన్ని చెప్పుకుంటారు. ఆ తర్వాత కొద్ది రోజులకే, ఏప్రిల్ 3న, స్విట్జర్లాండులోని లొజాన్‌లో ఆయన కన్నుమూశారు. ఆ స్పైడర్ మార్పులు చేసుకుంటూ 1993 దాకా తయారైంది. అదే 1966 నవంబరులో ఆయన కార్ఖానా నుంచే ఫియట్ 124 స్పైడర్ వచ్చింది. అది 1985 వరకు సుమారు రెండు లక్షలు తయారై, ఎక్కువ భాగం అమెరికాకే వెళ్ళింది. చేత్తో పుట్టిన అందం యంత్రం మీద నిలిచిందా అంటే, ఆయన చూడకుండానే నిలిచింది.

ఒక్క మాట మాత్రం చెప్పక తప్పదు. 124 స్పైడర్‌ను గీసింది టామ్ చార్దా అనే అమెరికన్ యువకుడు. మిగతా కార్ల వెనకా పెన్సిలు పట్టినవారు, సుత్తి పట్టినవారు ఎందరో వున్నారు. బిళ్ళ మీద పేరు మాత్రం ఒక్కటే. పినిన్ గొప్పవాడనడంలో నాకు సందేహం లేదు గాని, ఆ బాతిలాస్త్రాల పేర్లు ఎవరైనా రాసి పెట్టి వుంటే బాగుండేది. 2015 డిసెంబరులో మన దేశపు మహీంద్రా సంస్థ పినిన్‌ఫరీనా కంపెనీలో నాలుగింట మూడొంతుల వాటా కొనడానికి ఒప్పందం చేసుకుంది. పత్రికలు అప్పుడూ ఆ పేరు గురించే రాశాయి.

సంక్రాంతి సెలవులకు అన్నయ్య ఇంటికి వచ్చినప్పుడు డ్యుయెత్తో బొమ్మ చూపించాను. ధర ఎంత అని గాని, ఎంత స్పీడు పోతుందని గాని అడగలేదు. బొమ్మను వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసి, తలుపు కింద వేలు పెట్టి, టాపు మీది నీళ్ళు ఎటునుంచి దిగుతాయిరా అని అడిగాడు.