డిగ్రీ లేని పక్షి పండితుడు

మా బోటనీ మాస్టారు ఓ మధ్యాహ్నం మమ్మల్ని మామిడిచెట్టు కింద నిలబెట్టి, కొమ్మ మీది బదనికను చూపించారు. దాని పొడుగాటి పూలలో తేనెపిట్ట ఒకటి ముక్కు దూర్చి హడావిడి పడుతోంది. సలీం అలీగారి సంగతి నేను శ్రద్ధగా విన్నది అప్పుడే.

1896లో బొంబాయిలో పుట్టారు. పసితనంలోనే తల్లీ తండ్రీ పోతే మేనమామ పెంచారు. ఎయిర్‌గన్‌తో కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ చూసి, అదేం పిట్టో కనుక్కుందామని నేచురల్ హిస్టరీ సొసైటీ మెట్లెక్కారు. ఇక దిగలేదనే అనాలి! బెర్లిన్‌లో స్ట్రెస్‌మన్ దగ్గర నేర్చుకుని 1930లో తిరిగొస్తే ఉద్యోగం లేదు. భార్య తెహ్మినాతో సముద్రపొడ్డున కిహిం పల్లెకు మకాం మార్చారు.

చేతిలో పని లేదు గనక కళ్లకు పని దొరికింది. చెట్టు రసం పీల్చే బదనిక తోటలవాళ్లకు పీడ. కొంకణంలో దాని సంసారమంతా పిట్టలే నడుపుతున్నాయని 1931లో వ్యాసం రాశారు. తేనెకొచ్చిన పిట్టకు పుప్పొడి అంటుకుని ఇంకో పువ్వుకు చేరుతుంది, కాయ కడుతుంది. ఆ పండును మరో చిట్టిపిట్ట తిని, జిగురు గింజను వేరే కొమ్మకు అంటించి పోతుంది. మరుసటేడు పక్షులు వాలే పూల మీద పెద్ద వ్యాసమే వచ్చింది. ఆ రోజుల్లోనే మన హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే కూడా చేశారు.

1939లో తెహ్మినా పోయారు. 1941లో ఆయన పక్షుల పుస్తకం వచ్చింది. 1976లో పద్మవిభూషణ్, 1987లో మరణం.

మా తోటమాలి బదనిక కొట్టేస్తానని కొడవలి తెచ్చాడు. పూలు రాలనిచ్చి, కాయ పండకముందే కొట్టమన్నారు మాస్టారు.