డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ

1978 అక్టోబరు 3వ తేదీన, దేవీ నవరాత్రుల వేళ, కలకత్తా నగరంలో ఒక ఆడశిశువు జన్మించింది. ప్రపంచంలో తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు లూయీ బ్రౌన్ ఇంగ్లండులో పుట్టి అప్పటికి 70 రోజులే అయింది. అయితే కలకత్తా శిశువు జన్మలో మరొక విశేషం ఉంది. తల్లి గర్భంలో ప్రవేశించడానికి ముందు ఆమె పిండరూపంలో 53 రోజులు అతిశీతల స్థితిలో ఉంది. గడ్డకట్టించిన మానవ పిండానికి తిరిగి చైతన్యం కలిగించి, దాన్ని శిశువుగా లోకానికి అందించినవారు అంతకుముందు లేరు. ఆ ఘనత డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయది. ఆ శిశువు దుర్గ అనే పేరుతో ప్రసిద్ధికెక్కింది.

సుభాష్ 1931 జనవరి 16న, నేడు జార్ఖండ్ రాష్ట్రంలో ఉన్న హజారీబాగ్‌లో జన్మించారు. కలకత్తాలో వైద్యవిద్య ముగించి, 1958లో కలకత్తా విశ్వవిద్యాలయం నుండి, 1967లో ఎడిన్‌బరో నుండి డాక్టరేటు పట్టాలు పొందారు. విదేశంలో స్థిరపడక స్వదేశానికి వచ్చి వైద్య కళాశాలలో శరీరధర్మ శాస్త్రాన్ని బోధించారు. ఆయన ధ్యాసంతా సంతానం లేని దంపతుల మీదే ఉండేది.

జీవకణాన్ని గడ్డకట్టించడం సులభమైన పని కాదు. కణంలోని నీరు మంచు స్ఫటికాలుగా మారి, సూదులవలె పొరలను చీల్చివేస్తుంది. 1949లో ఇంగ్లండులో క్రిస్టఫర్ పోల్జ్ బృందం గ్లిజరిన్ కలిపి కోడి శుక్రకణాలను ఈ ముప్పు నుండి కాపాడగలిగింది. నాలుగేళ్లకే అమెరికాలో, భద్రపరచిన మానవ శుక్రకణాలతో స్త్రీలు గర్భం ధరించారు. అండం కథ వేరు. అది పరిమాణంలో పెద్దది, అందులో నీరూ ఎక్కువే. అందువల్ల గడ్డకట్టించిన అండం నుండి శిశువు జన్మించడానికి 1986 వరకు వేచి ఉండవలసివచ్చింది. క్యాన్సరు చికిత్సకు ముందే యువతీయువకులు తమ బీజకణాలను దాచుకొనగలగడం ఈ కృషి ఫలితమే.

సుభాష్ ఆలోచన చాలా సూక్ష్మమైనది. ఒకటికి మించిన అండాల కోసం స్త్రీకి హార్మోనులు ఇస్తే, ఆ నెలలో గర్భాశయం పిండాన్ని స్వీకరించడానికి అనువుగా ఉండకపోవచ్చు. కనుక పిండాన్ని దాచి ఉంచి, శరీరం సహజస్థితికి వచ్చిన తరువాతి నెలల్లో ప్రవేశపెడితే మేలని ఆయన భావించారు. శీతలీకరణంలో నిపుణుడైన సునీత్ ముఖర్జీ, స్త్రీవైద్య నిపుణుడు సరోజ్ కాంతి భట్టాచార్య ఆయనకు తోడ్పడ్డారు. పిండరక్షణకు డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రవాన్ని వాడారు.

లోకం నమ్మలేదు. తమ వివరాలు వెల్లడి కావడం శిశువు తల్లిదండ్రులకు ఇష్టం లేదు. సుభాష్ వారి మాటను మన్నించారు. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన విచారణ సంఘానికి రేడియో భౌతికశాస్త్ర ఆచార్యుడు అధ్యక్షుడు! ఆ సంఘం సుభాష్ చెప్పినదంతా అసత్యమని తేల్చింది. జపాన్‌లో తన పరిశోధనను వివరించే అవకాశం వచ్చినా, వెళ్లడానికి అనుమతి లభించలేదు. చివరకు 1981 జూన్‌లో ఆయనను కంటివైద్య సంస్థకు బదిలీ చేశారు. సంతానోత్పత్తి శాస్త్రానికి జీవితాన్ని ధారపోసిన వ్యక్తికి అక్కడ చేయడానికి ఏమున్నది? ఆ నెల 19న, 50 ఏళ్ల వయసులో, ఆయన తన ప్రాణాలు తానే తీసుకున్నారు. భార్య నమిత ఒంటరిదైంది.

1984లో ఆస్ట్రేలియాలో, శీతలీకరించిన పిండం నుండి మరొక శిశువు జన్మించింది. ప్రపంచం ఆ జననాన్నే మొదటిదిగా నమోదు చేసుకుంది. 1986లో బొంబాయిలో హర్ష అనే శిశువు పుట్టగా, భారతదేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు ఆమేనని అందరూ భావించారు. హర్ష జననానికి కారకులైన శాస్త్రజ్ఞులలో టి.సి. ఆనంద్ కుమార్ ఒకరు. 1997లో సుభాష్ చేతివ్రాత పత్రాలు ఆయన చేతికి వచ్చాయి. ఆయన వాటిని పుటపుటా పరిశీలించారు. దేశంలో ప్రథముడు తాను కాదనీ, సుభాష్ ముఖోపాధ్యాయేననీ నిర్ణయించుకొని, ఆ విషయాన్ని కరెంట్ సైన్స్ పత్రికలో ప్రకటించారు. తన కీర్తిని తానే మరొకరికి అప్పగించడం శాస్త్రలోకంలో అరుదు. 2002లో భారత వైద్య పరిశోధన మండలి సుభాష్ కృషిని గుర్తించింది.

ఆ మరుసటి ఏడు, తన ఇరవై అయిదవ పుట్టినరోజు సందర్భంగా, దుర్గ తొలిసారి లోకం ముందుకు వచ్చింది.